డ్రమ్ము తిరిగితే కర్మాగారం

పొట్నూరు దాలినాయుడు గారు ఇంట్లో కాఫీ గింజలు వేయించుకునే యంత్రాన్ని ఎంచుకోవడానికి నాలుగు నెలల పదకొండు రోజులు తీసుకున్నారు. భార్యను ఎంచుకోవడానికి ఆయనకు ఒక్క సాయంత్రం సరిపోయింది. అయితే అప్పుడు ఆయన వయసు ఇరవై నాలుగు. పైగా పోల్చి చూసుకోవడానికి ఇంటర్నెట్టు లేదు.

ఆయన గోస్తనీపురంలో జిల్లా లేఖన సామగ్రి కార్యాలయం సూపరింటెండెంటు. జిల్లాలోని ఆఫీసులన్నిటికీ తెల్ల కాగితాలు, గుండుసూదులు, లక్క, ఫైళ్లు కట్టే ఎర్ర తాడు అక్కడి నుంచే వెళ్తాయి. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన ఒక్క గుండుసూది ఇంటికి పట్టుకెళ్లలేదు. ఒకసారి ఆఫీసులోనే చొక్కా బొత్తాం ఊడిపోతే, చుట్టూ లక్ష గుండుసూదులు ఉండగా, చేత్తో చొక్కా పట్టుకుని బజారుకు నడిచి వెళ్లి పిన్నీసు కొనుక్కున్నారు. నిబంధన అంటే ఆయనకు అంత గౌరవం. ఈ కథంతా ఆ గౌరవం వల్లనే జరిగింది.

ఆ ఏడాది ఊళ్లో ఉదయం పూట నడిచే పెద్దమనుషులకు కాఫీ గింజల పిచ్చి పట్టింది. అంతకు ముందు వాళ్లు ఒకరినొకరు షుగరెంత, బీపీ ఎంత అని పలకరించుకునేవారు. ఇప్పుడు 'మీరు ఎంత ముదురుగా వేయిస్తున్నారు?' అని పలకరించుకుంటున్నారు. ఇంటికో యంత్రం తెప్పించుకుని పచ్చి గింజల్ని ఎవరికి వారే వేయించుకోవడం పెద్దరికమైంది. రిటైరైన ఇంజనీరు ఒకాయన తన కాఫీలో బత్తాయి తొక్క వాసన వస్తోందని ప్రకటించాడు. మర్నాడు పశువైద్యాధికారి తన కాఫీలో విరజాజుల వాసన వస్తోందన్నాడు. కాఫీలోంచి బత్తాయి వాసన ఎందుకు రావాలని ఎవరూ అడగలేదు.

దాలినాయుడు గారి ఇంట్లో కాఫీకి కాఫీ వాసనే వచ్చేది. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఇంట్లో గింజలు వేయించేది భార్య వరహాలు. శుక్రవారం సంతకు మన్యం నుంచి వచ్చే పచ్చి గింజలు కొని, ఇనప మూకుట్లో వేయించి, పొడి కొట్టి సీసాలో పోస్తుంది. ముప్పై ఆరేళ్లుగా ఆ కాఫీ తాగుతున్నారు గాని అదెలా తయారవుతుందో ఆయన ఎప్పుడూ ఆరా తీయలేదు. అది తన సెక్షను కాదు.

"వరహాలూ, మన కాఫీలో బత్తాయి వాసనేమైనా తగుల్తాదా?" అని అడిగారు ఆ రోజు.

వరహాలు కంగారు పడింది. "ఏటి, మూకుడు సరిగ్గా తోమలేదేటి?"

ఆ సాయంత్రమే ఆయన కొత్త నోటుబుక్కు తెరిచి, స్కేలు పెట్టి నలభై మూడు గడులు గీశారు. యంత్రం బరువు, విడుదల చేసే పొగ, పొట్టు పడే పళ్లెం వెడల్పు, తీగ పొడవు, కాళ్ల కింద రబ్బరు ఉందా లేదా, అన్నిటికీ ఒక్కో గడి. లోకంలో ఇలాంటి యంత్రాలు రెండు కులాలని ఆయనకు తెలిసింది. మొదటిది వేడి గాలిది. కింద నుంచి వేడి గాలి కొడుతుంటే గింజలు గాలిలో ఎగురుతూ వేగుతాయి. రెండోది డ్రమ్ముది. ఉక్కు డ్రమ్ము వేడి మీద నెమ్మదిగా తిరుగుతుంటే గింజలు అందులో దొర్లుతూ వేగుతాయి. రోజూ భోజనాల దగ్గర ఆయన ఆ రోజు నింపిన గడులు చదివి వినిపించేవారు.

"గాలిది ఆరు నిమిషాలు. డ్రమ్ముది పదిహేను నిమిషాలు. నువ్వేటంటావు?"

"మూకుడు పన్నెండు నిమిషాలండీ."

"మూకుడు పోటీలో లేదు."

చివరికి డ్రమ్ము నెగ్గింది. దానికి ముందువైపు చిన్న అద్దం కిటికీ ఉంది. అందులోంచి గింజలు రంగు మారడం చూడవచ్చు. తన కళ్ల ముందు ఏదైనా కదలడం ముప్పై నాలుగేళ్లుగా ఆఫీసులో చూడని మనిషికి ఆ కిటికీ బాగా నచ్చింది.

మరొకరైతే అక్కడితో కొనేసేవారు. కానీ ఫలానా విలువ దాటిన వస్తువు కొనబోయే ఉద్యోగి ముందుగా పై అధికారి అనుమతి తీసుకోవాలని ఒక నిబంధన ఉంది. ఆఫీసులో కార్లు కొన్నవాళ్లకీ, స్థలాలు కొన్నవాళ్లకీ అది ఎన్నడూ గుర్తు రాలేదు. దాలినాయుడు గారికి గుర్తొచ్చింది. నలభై మూడు గడుల నకలు జతపరిచి, మూడు పేజీల దరఖాస్తు పెట్టారు.

డిప్యూటీ డైరెక్టరు గారు ఆ దరఖాస్తును నాలుగు రోజులు చూస్తూ కూర్చున్నారు. తన హయాంలో అనుమతి అడిగినవారు లేరు. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదంటారు, ఇస్తే ఎందుకిచ్చారంటారు. ఐదో రోజున అనుమతి మంజూరు చేసి, తన జాగ్రత్త కోసం ఒక ప్రతిని కర్మాగారాల తనిఖీ కార్యాలయానికి 'తగు సమాచారం నిమిత్తం' పంపించారు. తగు సమాచారం అందితే ఏ ఆఫీసైనా ఊరుకుంటుందా?

యంత్రం మంగళవారం వచ్చింది. దాలినాయుడు గారు కళ్లజోడు తుడుచుకుని, కిటికీ ముందు కుర్చీ వేసుకుని, రెండు రోజుల్లో మూడు విడతలు బొగ్గు చేశారు. మూడో విడత బొగ్గులో మాత్రం ఆయనకు లేశంగా బత్తాయి వాసన తగిలింది. గురువారం పొద్దున్న ఆయన పళ్లు తోముకుంటుండగా వరహాలు యంత్రం ముందు నిలబడి, బొత్తాలేవో నొక్కి, చక్కగా వేయించేసింది. సరిగ్గా ఆ సమయానికి గుమ్మంలో ఒక పొడుగాటి మనిషి కొలత టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కర్మాగారాల తనిఖీ అధికారి తాళ్లూరి గిరిజాపతి గారు.

ఆయన వంటింటిని నిలువునా అడ్డంగా కొలిచారు. యంత్రం చుట్టూ ఒకసారి ప్రదక్షిణ చేశారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"నూతన మార్గదర్శకాల ప్రకారం ఉష్ణము, విద్యుత్తు, భ్రమణము అను మూడును ఒకే కప్పు కింద సంగమించి, ముడిసరుకును ఉత్పత్తిగా మార్చినచో అట్టి ప్రాంగణము కర్మాగారముగా పరిగణింపబడును."

దాలినాయుడు గారికి ఆ భాష బాగా అర్థమైంది. అందుకే ఒళ్లు చల్లబడింది.

"ఇస్త్రీ పెట్టె ఉంది కదండీ ఇంటింటా?"

"వేడెక్కును. తిరగదు."

"మిక్సీ?"

"తిరుగును. వేడెక్కదు."

"బట్టలుతికే మిషను? వేడి నీళ్లతో తిరుగుతుందండి అది."

గిరిజాపతి గారు జాలిగా చూశారు. "మాసిన చొక్కా ఉతికినా చొక్కాయే. ఉత్పత్తి ఎక్కడున్నది? ఇక్కడ గింజ లోపలికి వెళ్లి కాఫీగా బయటికి వస్తున్నది."

"పోనీ, నేను గాలిది కొనుంటే?"

"గాలిది భ్రమణము కాదు, ప్రసరణము. గాలి తిరిగితే ఇల్లు. డ్రమ్ము తిరిగితే కర్మాగారం."

నలభై మూడు గడుల్లో ఈ గడి లేదు. "వెనక్కి పంపించేస్తానండి" అన్నారు దాలినాయుడు గారు.

"కర్మాగారములోని యంత్రసామగ్రిని అనుమతి లేక కదల్చరాదు" అని ఆయన యంత్రానికి నంబరు రేకు బిగించారు. తర్వాత రిజిస్టరు తెరిచి వరహాలు వైపు తిరిగారు. "ఈ మహిళ ఎవరు?"

"మా ఆవిడండి."

"బంధుత్వం అడగలేదు. హోదా?"

అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి కాసేపు ఆలోచించారు. "ఇక్కడే పని చేస్తాదండి."

"వర్కరు" అని రాసుకున్నారు గిరిజాపతి గారు. "పని వేళలు?"

ఈసారి వరహాలే జవాబు చెప్పింది. తనను ఎవరో ఏదో అడుగుతున్నారని ఆమెకు సరదాగా ఉంది. "పొద్దున్న అయిదింటికి లెగుస్తానండి. రాత్రి పదిన్నరకి గిన్నెలు తోమీసి తొంగుంటాను."

గిరిజాపతి గారి కలం ఆగిపోయింది. "పదిహేడున్నర గంటలు! వారపు సెలవు?"

"అదేటండి?"

"ఎప్పటి నుంచి?"

"పెళ్లయిన కాడి నించండి. ముప్పై ఆరేళ్లు."

దాలినాయుడు గారు అడ్డం వచ్చారు. "అయ్యా, ఇందులో గింజలు వేయించేది పదిహేను నిమిషాలేనండి. మిగతాది మామూలు ఇంటి పని."

"ఆవరణ అనగా గోడ నుంచి గోడ వరకు" అన్నారు గిరిజాపతి గారు. "ఆవరణలో జరుగు సమస్త కార్యకలాపములు కర్మాగారం పనిగానే పరిగణింపబడును. సూపరింటెండెంటు గారూ, నా సర్వీసులో ఇంతటి ఉల్లంఘన చూడలేదు."

దాలినాయుడు గారు పరుగున ఆఫీసుకు వెళ్లి, ఇచ్చిన అనుమతిని రద్దు చేయమని డిప్యూటీ డైరెక్టరు గారిని వేడుకున్నారు. అనుమతి ఇవ్వడానికి నిబంధన ఉంది గాని, అడిగినవాడే వద్దంటే వెనక్కి తీసుకోవడానికి నిబంధన లేదని ఆయన విచారం వ్యక్తం చేశారు.

సోమవారం నుంచి వంటింట్లో కర్మాగారం నడిచింది. నేల మీద పసుపు గీత గీశారు. వరహాలుకు పసుపు రంగు హెల్మెట్టు ఇచ్చారు. దాలినాయుడు గారు పేపరు చదువుకునే గది వర్కర్ల విశ్రాంతి గది అయింది. అందులో ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక మంచినీళ్ల కుండ ఉండి తీరాలి గనుక ఆయన కుర్చీ వరండాలోకి వచ్చింది. వీధి గోడకు ఒక బోర్డు తగిలించారు. 'ఈ కర్మాగారంలో ప్రమాదం జరగని దినములు' అని రాసి, పక్కన అంకె మార్చడానికి మేకు కొట్టారు. ఆ అంకె నాలుగు దాకా వెళ్లింది. అయిదో రోజు పోపులోంచి ఒక ఆవగింజ ఎగిరి వరహాలు మణికట్టు మీద పడింది. అంకె సున్నాకి వచ్చింది. ప్రమాద నివేదిక మూడు ప్రతుల్లో వెళ్లింది. కారణం అన్న చోట 'ఆవగింజ (ఒకటి)' అని దాలినాయుడు గారు స్వహస్తాలతో నింపారు. ఇకపై పోపు వేసేటప్పుడు ఆవాలకూ వర్కరుకూ మధ్య తగిన రక్షణ కంచె ఏర్పాటు చేయాలని జవాబొచ్చింది. అప్పటి నుంచి పోపు టైముకు దాలినాయుడు గారు జల్లెడ పట్టుకుని నిలబడుతున్నారు.

షిఫ్టు ఎంచుకునే హక్కు వర్కరుది. వరహాలు అయిదు నుంచి ఒంటిగంట వరకు ఎంచుకుంది. ఒంటిగంటకు గంట కొట్టగానే హెల్మెట్టు తీసి మేకుకు తగిలించేసింది.

"మరి సాయంత్రం టిఫిను?" అన్నారు దాలినాయుడు గారు. "రాత్రి భోజనం?"

"షిఫ్టయిపోయింది కదండీ."

"వాళ్లెవరో ఏదో రాస్తే నువ్వు కూడా అలాగే ఉంటావేటే?"

"అధిక గంటలు పని చేయిస్తే మీ మీద కేసు పెడతారటండీ. ఈ వయసులో మీకు కేసులెందుకు?" అని వరహాలు చెప్పులేసుకుని, పక్క వీధిలో భజన నేర్చుకోడానికి వెళ్లిపోయింది. ఆమె మాటలో ఎగతాళి ఉందా, నిజంగానే భర్త క్షేమం కోరుతోందా అని ఆయన ఆ సాయంత్రమంతా అరటిపళ్లు తింటూ ఆలోచించారు.

ఆదివారం వారపు సెలవు. ఆ ఆదివారమే ఆయన అక్క సూరీడమ్మ దిగింది. తమ్ముడింటికి వస్తే గుమ్మంలోనే కాఫీ గ్లాసు అందుకోవడం ఆవిడ అలవాటు.

"ఒసే వరహాలూ, కాఫీ ఏదే?"

"ఆదివారం కర్మాగారం మూత, వదినా" అని లోపల బల్ల మీద పడుకునే జవాబు చెప్పింది వరహాలు.

సూరీడమ్మ తమ్ముడి వైపు తిరిగింది. తమ్ముడు బోర్డు చూపించారు, పసుపు గీత చూపించారు, ఉత్తర్వులు చదివి వినిపించారు. ఆవిడ నోరు తెరుచుకుని అంతా విన్నది. ఇక పిడుగు పడబోతోందని ఆయన ఎదురు చూశారు.

"ఏరా తమ్ముడూ, ఇదెక్కడ దొరుకుతాది?" అంది సూరీడమ్మ గొంతు తగ్గించి. "డ్రమ్ముదే కదా? గాలిది కాదు కదా?"

నెల తిరక్కుండా ఊళ్లో డ్రమ్ము యంత్రాలకు గిరాకీ పెరిగింది. కొనేవాళ్లు ఆడవాళ్లు. ఉదయం నడిచే పెద్దమనుషులు ఇప్పుడు కాఫీ గురించి మాట్లాడుకోవడం మానేశారు. తమ యంత్రం గాలిదా, డ్రమ్ముదా అన్నది ఇంట్లో తెలియకుండా చూసుకోవడం ఎలాగో చర్చించుకుంటున్నారు. ఇంజనీరు గారు తన డ్రమ్ము యంత్రాన్ని గోనెసంచిలో చుట్టి అటక మీద పడేశారట. ఆయన భార్య నిచ్చెన వేసుకుని దింపించుకుందట.

దాలినాయుడు గారు కర్మాగారం మూసివేతకు దరఖాస్తు పెట్టారు. మూసివేత అంటే ముందు వర్కరు అభిప్రాయం వినాలి. కార్మిక అధికారి సీరపు మణిమాల గారు ఇద్దరికీ విడివిడిగా నోటీసులు పంపించారు. ఒకే ఇంటికి రెండు కవర్లు వచ్చాయి. విచారణ రోజున ఒకే ఆటోలో వెళ్లి, కార్మిక కార్యాలయంలో ఎదురెదురు బల్లల మీద కూర్చున్నారు.

మణిమాల గారు కళ్లజోడు పైనుంచి చూశారు. "మూసివేతకు యాజమాన్యము చూపిన కారణము 'ఇంట్లో ఇబ్బంది'. ఇబ్బంది ఎవరికి?"

"నాకేనండి" అన్నారు దాలినాయుడు గారు. "ఆవిడ నా భార్య. వర్కరు కాదు. ఇంట్లో భార్య చేసే పనికి వేళలేమిటండి?"

"అనగా వేళలు లేకుండా చేయించుకొనుచున్నట్లు యాజమాన్యము అంగీకరించుచున్నది" అని మణిమాల గారు గుమాస్తా చేత రాయించారు. ఆయన కాదు కాదంటుండగానే అదీ రాయించారు. "వర్కరుకు ఏమైనా ఫిర్యాదు ఉన్నదా?"

వరహాలు లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. ఆఫీసులో అందరూ తన వైపే చూస్తున్నారు. మెల్లగా చెప్పింది.

"ఫిర్యాదులేటీ లేవండి. ఆయన మంచోరే. ఒక్క మాట కూడా అన్రు. మొన్న ఆదివారం మజ్జానం నేను తొంగున్నానండి. కునుకు పట్టీలోపల పైన ఫ్యాను చప్పుడు వినబడింది. మా ఇంట్లో ఫ్యాను కిర్రుమంటాదని నాకు తెల్దండి. ఎప్పుడూ మజ్జానం దాని కింద పడుకోలేదు కదా. అదలా వింటూ పడుకున్నాను. అంతేనండి."

గుమాస్తా ఇది రాయాలా వద్దా అన్నట్టు చూశాడు. రాయమన్నట్టు మణిమాల గారు తలూపారు. దాలినాయుడు గారు తన చెప్పుల వైపు చూసుకున్నారు. ఆ ఫ్యాను కిర్రుమంటుందని ఆయనకు పన్నెండేళ్లుగా తెలుసు. రోజూ దాని కిందే పేపరు చదివేవారు.

మూసివేత దరఖాస్తు తిరస్కరించారు. అయితే సర్వీసు రిజిస్టరు తిరగేస్తుండగా మణిమాల గారి వేలు ఒక గడి దగ్గర ఆగింది. "పుట్టిన తేదీ ప్రకారం వర్కరుకు ఈ నెలాఖరుకు యాభై ఎనిమిది నిండుచున్నవి. కర్మాగార స్థాయీ ఉత్తర్వుల ప్రకారం పదవీ విరమణ చేయవలెను."

దాలినాయుడు గారికి ప్రాణం లేచొచ్చింది. ఉన్న ఒక్క వర్కరూ రిటైరైతే కర్మాగారం తనంతట తానే ఇల్లయిపోతుంది. ఇల్లయితే వరహాలు వరహాలవుతుంది. ఆ ఆనందంలో సన్మాన సభ ఖర్చు తనదేనన్నారు.

నెలాఖరు సాయంత్రం పెరట్లో షామియానా వేశారు. గిరిజాపతి గారు అధ్యక్షత వహించారు. "ముప్పై ఆరు సంవత్సరముల సుదీర్ఘ సేవాకాలములో ఒక్క దినము గైరుహాజరు లేని ఏకైక వర్కరు శ్రీమతి వరహాలు గారు. వారి లోటు పూడ్చలేనిది" అన్నారు. డిప్యూటీ డైరెక్టరు గారు తమ లేఖన సామగ్రి శాఖ తరఫున ఒక డజను పెన్సిళ్లు బహూకరించారు. సూరీడమ్మ, ఆవిడతో పాటు డ్రమ్ము యంత్రాలున్న ఇరవై మంది ఆడవాళ్లు ముందు వరసలో కూర్చుని ప్రతి వాక్యానికీ చప్పట్లు కొట్టారు. వాళ్లలో ముగ్గురు తమ రిజిస్టర్లలో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలని చెవులు కొరుక్కున్నారు. వరహాలుకు శాలువా కప్పారు, మెడలో చేమంతి దండ వేశారు, మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడి, "అందరూ తిని వెళ్లండి, నేనొండలేదు" అంది. అంతకంటే మంచి ప్రసంగం ఆ ఊళ్లో ఎవరూ విన్లేదు.

షామియానా విప్పేస్తుండగా దాలినాయుడు గారు చేతులు రుద్దుకుంటూ వచ్చారు. "అమ్మయ్య. వరహాలూ, ఒక కాఫీ పెట్టు."

వరహాలు మెడలో దండ ఇంకా తీయలేదు. ఉత్తర్వు మడత విప్పి చూపించింది. కింది నుంచి మూడో పేరాలో ఉంది. విరమించిన వర్కరును అదే ఆవరణలో అదే పనికి తిరిగి నియోగించరాదు.

"కానీ ఇప్పుడిది కర్మాగారం కాదు కదా!"

అప్పటికి గుమ్మం దాకా వెళ్లిన గిరిజాపతి గారు వెనక్కి వచ్చారు. "డ్రమ్ము ఉన్నంతకాలం కర్మాగారమే. వర్కరు విరమించినది గాని పోస్టు రద్దు కాలేదు. మంజూరైన పోస్టును ఖాళీగా ఉంచరాదు. పదిహేను దినములలో భర్తీ చేయవలెను."

పోస్టుకు ప్రకటన వేశారు. విధుల జాబితా వరహాలును అడిగి గిరిజాపతి గారే తయారు చేశారు. అరవై ఒక్క అంశాలొచ్చాయి. వీధి గోడకు అంటించిన ఆ జాబితా ముందు మనుషులు గుంపులుగా నిలబడి చదివారు. పక్కింట్లో పనిచేసే మంగమ్మ ఇరవయ్యో అంశం దాకా చదివించుకుని, 'ఇది నలుగురి పని కదా, ఒక్కరే ఎవలు చేస్తారు' అని నవ్వి వెళ్లిపోయింది. గడువు ముగిసేసరికి ఒకే ఒక్క దరఖాస్తు అందింది. అరటిపళ్లతో పదమూడు రోజులు గడిపిన మనిషి అంతకంటే ఏం చేయగలడు? ఎన్నడూ వాడుకోని సెలవులన్నీ ఒకేసారి అడిగితే డిప్యూటీ డైరెక్టరు గారు వెంటనే మంజూరు చేశారు. ఈయన మరో దరఖాస్తు పెట్టకుండా ఉంటే చాలన్నది ఆయన కోరిక.

ఇంటర్వ్యూ ఇంటి ముందు గదిలోనే జరిగింది. బల్లకు అటువైపు మణిమాల గారు, గిరిజాపతి గారు, విషయ నిపుణురాలి హోదాలో వరహాలు. ఇటువైపు ఇస్త్రీ చొక్కాలో దాలినాయుడు గారు. ఆయన చేతిలో ఫైలు ఉంది. అందులో డిగ్రీ సర్టిఫికెట్టు, ముప్పై నాలుగేళ్ల సర్వీసు వివరాలు.

"ఇంగువ డబ్బా ఎక్కడున్నది?" అని మొదలుపెట్టారు గిరిజాపతి గారు, ప్రశ్నల కాగితం చూసి.

దాలినాయుడు గారు కళ్లు మూసుకుని వంటింటి అరలన్నీ తలచుకోవడానికి ప్రయత్నించారు. నీలం డబ్బాలు గుర్తొచ్చాయి. వాటిలో ఏముంటాయో గుర్తు రాలేదు. "నీలం డబ్బాలోనండి."

"నీలం డబ్బాలో మెంతులు" అంది వరహాలు మెల్లగా.

"గ్యాసు బండ ఎన్నాళ్లొస్తాది?" అని అడిగారు మణిమాల గారు. ఆవిడ రాత భాష అప్పుడప్పుడు జారిపోతోంది.

"మూడు నెలలేమో..."

"మీ వీధి మిల్లులో పిండి ఆడించీ మనిషి పేరేటి?" అని మళ్లీ ఆవిడే అడిగారు.

ఆయనకు తెలియదు. పాలవాడి పేరూ తెలియదు. పసుపు గీత లోపల ఆయనకు తెలిసినవి జల్లెడ, అరటిపళ్ల గెల మాత్రమే. నుదుటి మీద చెమట పట్టింది. ముప్పై నాలుగేళ్ల కిందట ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చినప్పుడు కూడా ఆయనకు ఇంత చెమట పట్టలేదు.

చివరి ప్రశ్న నిపుణురాలు అడగాలి. వరహాలు కాగితం చూడలేదు. ఏదో తేలికది అడిగి గట్టెక్కించాలనే అనుకుంది.

"నా కాఫీలో పంచదార ఎన్ని చెంచాలండీ?"

దాలినాయుడు గారి ముఖం వెలిగింది. "రెండు."

బల్ల మీద కాగితాలు ఫ్యాను గాలికి కదిలాయి. మణిమాల గారు వరహాలు వైపు చూశారు.

"నేను కాఫీ తాగనండీ" అంది వరహాలు. "మానీసి పదకొండేళ్లయింది. కడుపులో మంటని డాక్టరు గారు మానీమన్నారు. మీరే ఆస్పత్రికి తీసుకెళ్లేరు."

పదకొండేళ్లుగా వారం వారం గింజలు కొని, వేయించి, పొడి కొట్టి, పొద్దున్న ఒకటి, పదింటికి ఒకటి, సాయంత్రం ఒకటి తన చేతికి అందించిన మనిషి, అందులో ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. నాలుగు నెలల పదకొండు రోజులు ఆయన భోజనాల దగ్గర గడులు చదువుతుంటే, తాగని కాఫీకి వేయింపు ఎంత ఉండాలో కూర్చుని విన్నది.

"మరి పొద్దున్న నువ్వేటి తాగుతావు?" అని అడిగారు ఆయన.

"అభ్యర్థి ప్రశ్నలు వేయుటకు నిబంధన లేదు" అన్నారు గిరిజాపతి గారు.

"చోడంబలి" అంది వరహాలు, నిబంధనతో సంబంధం లేకుండా.

బోర్డు పావుగంట సేపు లోపల చర్చించింది. అభ్యర్థికి పనితోగాని, ఆవరణతోగాని, అందులో ముప్పై ఆరేళ్లు పనిచేసిన సిబ్బందితోగాని తగిన పరిచయం లేదని తేల్చింది. అయినప్పటికీ వేరే అభ్యర్థులు లేనందున, విషయ నిపుణురాలి సిఫారసు మేరకు, ఆరు నెలలకు ట్రైనీగా తీసుకోవచ్చునని ఉత్తర్వు ఇచ్చింది. హెల్మెట్టు సైజు మార్చుకోవలసిందిగా అందులో ప్రత్యేకంగా రాశారు.

సోమవారం పొద్దున్న అయిదింటికి దాలినాయుడు గారు హెల్మెట్టు పెట్టుకుని పొయ్యి ముందు నిలబడ్డారు. డ్రమ్ము జోలికి వెళ్లలేదు. నాలుగు డబ్బాలు తెరిచి, వాసన చూసి, అయిదో దాంట్లో చోడిపిండి, అదే రాగిపిండి, పట్టుకున్నారు. నీళ్లు మరిగాయి. పిండి మరిగే నీళ్లలో గుమ్మరించి గరిటెతో గబగబా తిప్పారు. ఉప్పు వేశారు. వేశానో లేదో అని ఇంకోసారి వేయబోయి ఆగారు.

వరహాలు ఆరున్నరకు నిద్ర లేచి వచ్చి విశ్రాంతి గదిలో బల్ల మీద కూర్చుంది. ఆయన గ్లాసు తెచ్చి అందించి, ఆఫీసులో పై అధికారి సంతకం కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు.

ఆమె ఒక గుక్క తాగింది. ఆగి, పంటి కింద దేన్నో నమిలింది. మళ్లీ తాగింది. తొందర పడకుండా, ఉండలన్నీ నములుతూ, అడుగు దాకా తాగింది.

"రేపు పిండి ముందే చల్లనీళ్లలో కలుపుకోండి" అని, ఖాళీ గ్లాసు ఆయన చేతికే ఇచ్చింది.